పోలీసు కారులో అరకిలో మిరియాలు

ఆ శుక్రవారం ఉదయం ఆరున్నరకి బొదిల్ రాస్క్ అరకిలో మిరియాల పొడి, పాత పత్రికతో చుట్టిన ఒక గరాటు పట్టుకుని పోలీసు స్టేషన్ వెనక పెరట్లోకి వచ్చింది. ఆమె తప్పుడు పనులు చేసే మనిషి కాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా పోలీసు ఉద్యోగంలో ఉంది. కానీ ఆ రోజు ఆమె జోడీ ఆస్గర్‌కి ముప్పై ఏళ్లు నిండాయి, వాడికి ఇంకా పెళ్లి కాలేదు. మా డెన్మార్కులో పెళ్లి లేకుండా ముప్పై దాటినవాడి మీద మిరియాల పొడి కుమ్మరించాలి. తోటివాళ్లు ఆ ముచ్చట తీర్చలేదంటే వాణ్ని మనిషి కింద లెక్కపెట్టనట్టే.

మామూలు రోజులైతే స్టేషన్‌లో అందరూ కలిసి అతన్ని పెరట్లో దీపస్తంభానికి కట్టి, కళ్లకి ఈత అద్దాలు తగిలించి, బకెట్టుతో పోసేవారు. కానీ అది కరోనా ఏడాది నవంబరు. స్టేషన్ అధికారి ప్రేబెన్ మార్చి నెలలోనే పదకొండు పేజీల నియమావళి రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. ఇద్దరిద్దరిది ఒక జోడీ, జోడీ మారకూడదు. ఒక జోడీ కారులో ఇంకొకరు కూర్చోకూడదు. స్టీరింగు, గేరు, రేడియో బటన్లు, బేడీలు పూటకి రెండుసార్లు తుడవాలి. ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయట రెండు మీటర్ల దూరంలో నిలబడి, లోపల దగ్గేవాళ్లు ఉన్నారా అని అడిగాకే అడుగు పెట్టాలి. దొంగ దొరికితే ముందు మాస్కు, తరవాత బేడీలు. పుట్టినరోజుల గురించి కూడా ఒక పేరా ఉంది. కట్టడాలు, పట్టుకోవడాలు, గుంపు కూడటాలు లేవు.

ఆ నియమాల పుణ్యమా అని ఎనిమిది నెలల్లో లిలెవిగ్ ఊరి స్టేషన్‌లో ఒక్కరికి కూడా జబ్బు రాలేదు. ఎన్ని రోజులు అలా గడిచాయో ప్రేబెన్ గోడ మీది బోర్డులో రోజూ చెరిపి రాసేవాడు. ఆ రోజుకి రెండు వందల నలభై ఏడు. ఆయనకి యాభై ఎనిమిదేళ్లు, జీవితంలో ఎన్నడూ పతకం రాలేదు, ఆ అంకెనే ఆయన పతకం అనుకునేవాడు. దాన్ని చూసి నవ్వినవాళ్లు కూడా చాటుగానే నవ్వేవారు.

బొదిల్ నియమావళి మొత్తం మూడుసార్లు చదివింది. మిరియాలు చల్లకూడదని ఎక్కడా లేదు, మనుషులు దగ్గరకి రాకూడదని మాత్రమే ఉంది. అందుకని ఆమె ఏడో నంబరు కారు దగ్గరకి వెళ్లింది. అది తనదీ ఆస్గర్‌దీ. ముందు అద్దం కింద గాలి లోపలికి పోయే చీలికల్లో గరాటు పెట్టి, పొడంతా పోసి, పైపైన ఉన్నది గుడ్డతో తుడిచేసింది. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కుతారు, చలికి ఆస్గర్ ఫ్యాను వేస్తాడు, తను బయట నిలబడి పుట్టినరోజు పాట పాడుతుంది. ఆ కారులో మూడో మనిషి కూర్చునే ప్రసక్తే లేదు, నియమమే ఉంది కదా. ఇంత శుభ్రమైన పథకం తన బుర్రలో పుట్టినందుకు ఆమెకి తన మీద తనకే ముచ్చట వేసింది.

ఆమె పప్పులో కాలేసింది మింక్ దగ్గర. మింక్ అంటే బొచ్చు కోసం ఫారాల్లో పెంచే, ముంగిసంత ఉండే జంతువు. ఆ నెలలో వాటికి కూడా కరోనా పట్టిందని దేశమంతా హడలిపోతోంది. అంతకు ముందు రోజే ఒకటి ఫారం తప్పించుకుని బడి సైకిళ్ల పాకలో దూరితే, బొదిల్, ఆస్గర్ కలిసి దాన్ని పిల్లి బుట్టలో పెట్టి ఏడో నంబరు కారు డిక్కీలో తీసుకెళ్లి అప్పగించి వచ్చారు. రాత్రి ఆ నివేదిక చదివిన ప్రేబెన్‌కి నిద్ర పట్టలేదు. తన మనుషులు ఆ కారు ఎక్కే ముందు దాన్ని తానే స్వయంగా శుద్ధి చెయ్యాలని నిశ్చయించుకున్నాడు. నియమం రాసినవాడు ఒక్కసారి నియమం తప్పితే అది తప్పు కాదు, బాధ్యత అని తనకి తాను చెప్పుకున్నాడు.

ఏడు ముప్పావుకి ఆయన ఏడో నంబరు కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎత్తేసి, మందు నీళ్లు పిచికారీ కొట్టాడు. తడి ఆరాలంటే గాలి ఆడాలి కాబట్టి మాస్కు గడ్డం కిందికి లాక్కుని, ఫ్యాను ఆఖరి అంకె దాకా తిప్పాడు.

పదకొండు తుమ్ములు వచ్చాయి. ఆయనే లెక్కపెట్టాడు. కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు ధారలు కడుతుండగా తలుపు తోసుకుని బయటపడి, గోడ పట్టుకుని నిలబడి, ఎవరూ దగ్గరకి రావద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు. కారు ఇంజను ఆపు చెయ్యలేదు. దాన్ని ఆపడానికి చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ మాస్కు వేసుకుని స్టేషన్‌లోని మరో పోలీసు కెల్ వెళ్లాడు. కెల్ గుర్రమంత మనిషి, ఏనాడూ జలుబు కూడా చెయ్యలేదని చెప్పుకునేవాడు. తాళం తిప్పి బయటికి వచ్చేలోపు తొమ్మిది తుమ్ములు తుమ్మాడు.

ప్రేబెన్ గడియారం చూసుకున్నాడు. తనకి అంటుకున్నది నాలుగు నిమిషాల్లో కెల్‌కి అంటుకుంది. ఇంత వేగం ఆయన ఏ ఉత్తర్వులోనూ చదవలేదు. జిల్లా కార్యాలయానికి ఫోను చేసి, మింక్ నుంచి వచ్చిన కొత్త రకం తమ స్టేషన్‌లో బయటపడిందని చెప్పాడు. అవతలివాళ్లు, వైద్య బృందాన్ని పంపిస్తున్నాం, ఒక్కరు కూడా ఇంటికి వెళ్లొద్దు, లోపల ఉండొద్దు, ఆరుబయట దూరదూరంగా నిలబడండి అన్నారు.

తొమ్మిదింటికల్లా లిలెవిగ్ పోలీసులు ఐదుగురూ స్టేషన్ ముందు ఉన్న వాకిట్లో, రెండేసి మీటర్ల దూరంలో సుద్దతో గీసిన గళ్లలో నిలబడ్డారు. ప్రేబెన్, కెల్, కెల్ జోడీ మెరేతె, బొదిల్, ఆస్గర్. చుట్టూ నేరం జరిగినచోట కట్టే ఎరుపు తెలుపు పట్టీ కట్టారు. ఆ పట్టీ కూడా వాళ్లే కట్టుకోవాల్సి వచ్చింది. కారుకి సీలు వేసి, తాళాన్ని సంచీలో పెట్టి మూతి అంటించారు. ఊరి బందోబస్తు పక్క ఊరి పోలీసులకి అప్పజెప్పారు.

పొద్దున్న ప్రేబెన్ తుమ్మిన మొదటి పావుగంటా బొదిల్ మాస్కు వెనక నవ్వు ఆపుకోలేక చచ్చింది. జిల్లా కార్యాలయం పేరు వినపడగానే నవ్వు ఆగిపోయింది. ఆమె చెప్పేద్దామనే అనుకుంది. కానీ ప్రేబెన్ ఫోనులో "రెండు వందల నలభై ఏడు రోజులు" అంటూ గొంతు తడబడటం విన్నాక నోరు పెగల్లేదు. మరో నిమిషం ఆగి చెబుదామనుకుంది. అలా నిమిషం నిమిషం ఆగి పదకొండింటి దాకా లాగింది.

ఊళ్లోవాళ్లకి కాలక్షేపం దొరికింది. సైకిళ్ల మీద వచ్చి, స్టేషన్ ముందరి చౌకులో దూరదూరంగా నిలబడి చూశారు. ఎనభై ఆరేళ్ల గుడ్రున్ ముసలమ్మ, పోలీసులు చలికి వణుకుతున్నారని ఇంటికి వెళ్లి కాఫీ చేసి, ఒక్కో కప్పునీ తోటలో ఆకులు లాగే పొడుగాటి గొర్రు పళ్ల మధ్య ఇరికించి పట్టీ పైనించి అందించింది. మూడు కప్పులు సురక్షితంగా చేరాయి, నాలుగోది మెరేతె బూటులోకి పోయింది.

ఆస్గర్ మాత్రం కాఫీ ముట్టుకోలేదు. ఎదురుగా, చౌకుకి అవతల నలభై అడుగుల్లో ఉన్న మున్సిపల్ కార్యాలయం గడియారాన్నే చూస్తున్నాడు. పదకొండున్నరకి ప్రేబెన్‌ని పిలిచి, రెండింటికి పళ్ల డాక్టరు దగ్గరకి వెళ్లాలి, ఒక గంట వదలమని అడిగాడు. మింక్ జబ్బు ముక్కులో పెట్టుకుని పళ్ల డాక్టరు ముందు నోరు తెరవడమంటే హత్యాయత్నమని ప్రేబెన్ చెప్పాడు. పళ్లు వచ్చే నెల కూడా ఉంటాయన్నాడు.

రెండు మీటర్ల దూరంలో రహస్యాలు చెప్పుకోవడం కుదరదు. ఆస్గర్ జేబులోంచి ఫోను తీసి, పక్క గడిలో ఉన్న బొదిల్‌కి ఫోను చేశాడు. ఆమె అతన్ని చూస్తూనే ఎత్తింది.

"ఒక సంగతి చెప్తాను, మొహంలో ఏమీ కనపడనివ్వకు," అన్నాడు. "రెండింటికి నా పెళ్లి."

"ఎవరితో?"

"అల్బెర్తెతో."

"అల్బెర్తె ఎవరు? ఎనిమిది నెలలుగా ఒకే కారులో కూర్చుంటున్నాం. నువ్వు రొట్టె ఏ వైపు నములుతావో కూడా నాకు తెలుసు. ఈ అల్బెర్తె ఎప్పుడు పుట్టిందిరా?"

ఆమె గొంతులో నిజంగానే నొప్పి ఉంది. ఆస్గర్ గబగబా చెప్పుకొచ్చాడు. అల్బెర్తె సరకుల ఓడలో ఇంజనీరు. బుధవారం పొద్దున్న ఓడ ఎక్కితే మళ్లీ నాలుగు నెలలకి గానీ రాదు. మున్సిపల్ కార్యాలయంలో దొరికిన ముహూర్తం ఇదొక్కటే, సోమవారం నుంచి అక్కడ పెళ్లిళ్లు ఆపేస్తున్నారు. పెళ్లికి పది మందే ఉండాలి. ఆమె వైపు ఐదుగురు, అతని వైపు ముగ్గురు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు.

"స్టేషన్‌లో ఒకర్ని పిలిచి ముగ్గుర్ని మానెయ్యలేను. నిన్ను పిలవాలంటే మా అమ్మని తీసెయ్యాలి. అందుకే ఎవరికీ చెప్పలేదు, బొదిల్. చెప్పలేక చచ్చాను."

ఎదురుగా గడియారం పన్నెండు కొట్టింది.

"నేనూ ఒకటి చెప్పాలి," అంది. "నువ్వు కూడా మొహంలో ఏమీ కనపడనివ్వకు. కారులో ఉన్నది జబ్బు కాదు. మిరియాలు. నేనే పోశాను. నీ పుట్టినరోజు కదా."

ఆస్గర్ మొహంలో అన్నీ కనపడ్డాయి.

ఇక ఆలస్యం చెయ్యలేదామె. సిగ్గుతో చెవులు కాలుతుంటే, గడి అంచు దాకా వచ్చి, నలుగురూ వినేలా అంతా ఒప్పేసుకుంది. గరాటు గురించి, గుడ్డతో తుడవడం గురించి కూడా దాచలేదు. ప్రేబెన్ చివరిదాకా విని ఆమె కేసి జాలిగా చూశాడు.

"నువ్వు మంచిదానివి బొదిల్. మింక్‌ని కారు ఎక్కించిన తన వల్లే జబ్బు వచ్చిందని కుర్రాడు బాధపడకూడదని చూస్తున్నావు. మార్చి నుంచీ వింటున్నాను. ఒకడు పుప్పొడి అన్నాడు, ఒకడు ఉల్లిపాయ అన్నాడు, ఒకడు అత్తగారి పిల్లి అన్నాడు. మూడు చోట్లా జబ్బే తేలింది."

"నీ చొక్కా చెయ్యి ఒక్కసారి వాసన చూడు. మిరియాల ఘాటు రాకపోతే నా ఉద్యోగం తీసేసుకో."

ప్రేబెన్ న్యాయం తెలిసిన మనిషి. చెయ్యి ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాడు. పదకొండు తుమ్ముల తరవాత ఆయన ముక్కు పూర్తిగా పూడుకుపోయి ఉంది. మళ్లీ పీల్చాడు. ఏ వాసనా తగల్లేదు. కెల్‌ని కూడా చూసుకోమన్నాడు, కెల్ కూడా తల అడ్డంగా ఊపాడు. వెంటనే జిల్లా కార్యాలయానికి మళ్లీ ఫోను చేసి, ఇద్దరికీ వాసన కూడా పోయిందని చెప్పాడు. అక్కణ్నుంచి బయలుదేరిన వైద్య బృందం, ఈ కబురు విని, మరింత మందమైన సూట్లు తీసుకోవడానికి వెనక్కి తిరిగింది.

బొదిల్ తల పట్టుకుంది. మెరేతె ఒక్కతే ఆమె మాట నమ్మింది, ఎందుకంటే కెల్‌కి ముప్పై నిండిన రోజు కూడా బొదిల్ ఏం చేసిందో చూసిన మనిషి. కానీ నమ్మినవాళ్లు ఎంతమంది అనేదాన్ని బట్టి సీలు తియ్యరు.

ఒంటిగంటన్నరకి చౌకులోకి ఒక సైకిలు వచ్చింది. దాని మీద తెల్లటి గౌను, గౌను మీద పసుపు వానకోటు, కాళ్లకి పని బూట్లు వేసుకున్న అమ్మాయి. సైకిలుని మున్సిపల్ మెట్లకి ఆనించి, వానకోటు విప్పి, చుట్టూ చూసింది. ఆమె వెనకే పువ్వులు పట్టుకుని బంధువులు ఎనిమిది మందీ వచ్చారు. ఆమె చూపు పట్టీ దగ్గర ఆగింది, తరవాత గళ్ల దగ్గర, తరవాత ఆస్గర్ దగ్గర. ఆస్గర్ చెయ్యి ఎత్తబోయి సగంలో ఆపేశాడు.

"ఎవరావిడ?" అన్నాడు ప్రేబెన్.

"నా పళ్ల డాక్టరు," అన్నాడు ఆస్గర్.

ఎవరూ నవ్వలేదు. ప్రేబెన్ పెళ్లికూతుర్ని చూశాడు, గడియారం చూశాడు, తన పదకొండు పేజీలు జేబులోంచి తీసి చాలాసేపు తిరగేశాడు. ఆస్గర్ సంగతంతా చెప్పాడు, ఓడతో సహా. తన కారణంగా ఒకరి పెళ్లి ఆగిపోవడం బొదిల్ చూడలేకపోయింది. ప్రేబెన్‌తో, ఆ కారులో నన్ను కూర్చోబెట్టి తాళం వెయ్యి, ఫ్యాను తిప్పు, నేను తుమ్మి చూపిస్తాను అంది. సీలు విప్పే అధికారం తనకి లేదని ఆయన చెప్పాడు.

తరవాత పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరు పట్టీ దాటి బయటికి వెళ్లకూడదు. ఇందులో అది ఉంది. బయటివాళ్లు పట్టీ దాకా రాకూడదని మాత్రం లేదు. రాయడం మర్చిపోయాను."

పెళ్లిళ్లు చేసే అధికారిణి ఇంగెర్‌కి ఆయనే ఫోను చేశాడు. వాన మొదలైంది. రెండింటికి ఐదు నిమిషాలుండగా ఆమె గొడుగు వేసుకుని రిజిస్టరుతో చౌకు దాటి వచ్చింది. పది మంది లెక్క తప్పుతోందని ఆమె అభ్యంతరం చెప్పింది. పెళ్లివాళ్లు పది మంది, లోపల అదనంగా నలుగురు పోలీసులు. డ్యూటీలో ఉన్నవాళ్లు అతిథుల లెక్కలోకి రారని ప్రేబెన్ అన్నాడు. అలా, పిలవడానికి కుదరని నలుగురూ పెళ్లికి ముందు వరసలో నిలబడ్డారు.

రెండింటికి పెళ్లి జరిగింది. ఆస్గర్ పట్టీకి ఇటు, అల్బెర్తె అటు. అవునా అంటే ఇద్దరూ అవునన్నారు, ఆస్గర్ కొంచెం ముందుగానే అన్నాడు. ఉంగరం ఇచ్చిపుచ్చుకోవడం దగ్గర చిక్కొచ్చింది. ప్రేబెన్ రెండు ఉంగరాల మీదా మందు నీళ్లు కొట్టాడు, గుడ్రున్ ముసలమ్మ గొర్రు పళ్లకి తగిలించి అటూ ఇటూ చేరవేసింది. ఈసారి ఏదీ ఎవరి బూటులోనూ పడలేదు. ఆస్గర్ వాళ్లమ్మ గొడుగు కింద ఏడ్చింది. బొదిల్ ఆవిడ కంటే ఎక్కువ ఏడ్చింది.

ఇక ముద్దు పెట్టుకోవచ్చని ఇంగెర్ అలవాటు కొద్దీ అనేసి, నాలుక కరుచుకుంది. అందరూ ప్రేబెన్ వైపు చూశారు. ఆయన నోరు తెరిచేలోపు అల్బెర్తె గౌను ఒక చేత్తో, పట్టీ ఒక చేత్తో ఎత్తి, వంగి లోపలికి వచ్చేసింది. ఓడ ఇంజను గదిలో పనిచేసే మనిషికి అంత పట్టీ ఒక అడ్డమా. ముద్దు ఎంతసేపు సాగిందంటే, ప్రేబెన్ గడియారం చూసి, రోగిని తాకినవాళ్ల వివరాలు రాసే ఫారంలో ఆమె పేరు, సమయం రాసుకున్నాడు. ఆల్బమ్‌లో పెట్టుకునే ఫొటోలో ఆయన రాస్తూనే కనిపిస్తాడు. రాసింది ఇది: రోగితో దగ్గరగా మెలిగిన వ్యక్తి, మధ్యాహ్నం రెండు దాటి తొమ్మిది నిమిషాలు. నియమం నియమమే కాబట్టి ఆ ఫారం అప్పుడే ఫోనులోంచి జిల్లా కార్యాలయానికి పంపించేశాడు.

రెండుంపావుకి వైద్య బృందం దిగింది. నిలువెల్లా తెల్లటి సూటు, మొహానికి అద్దం తొడుగు వేసుకున్న డాక్టరు సీలు విప్పి, కారులో కూర్చుని ఫ్యాను తిప్పాడు. ఒక నిమిషం ఏమీ కాలేదు. తరవాత, వాసన పట్టడానికి కాబోలు, తొడుగు కొంచెం ఎత్తాడు. కారు నాలుగు చక్రాల మీద ఊగింది. బయటికి వచ్చి, తొడుగు తీసి, కళ్లు తుడుచుకుని, ఇది సూపులో వేసుకునే మిరియం అని చెప్పాడు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారు, వెంటనే డ్యూటీకి వెళ్లొచ్చు అన్నాడు.

చౌకులో అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరే, పెళ్లికొడుకు, పెళ్లికూతురు. వెంటనే డ్యూటీ అంటే ఆస్గర్‌కి ఈ రాత్రి ఎనిమిదింటి దాకా, శని, ఆది, సోమ, మంగళ కూడా. బుధవారం ఓడ.

ప్రేబెన్ ముక్కు అప్పుడే కొంచెం తెరుచుకుంది. చొక్కా చెయ్యి వాసన చూసుకుని, బొదిల్ కేసి చూశాడు. తరవాత గొంతు సవరించుకుని, మాకు మిరియాలే గానీ ఈ అమ్మాయి పేరు జిల్లా జాబితాలోకి ఎక్కిపోయింది అన్నాడు. ఒకసారి ఎక్కిన పేరు పరీక్ష చేయిస్తే గానీ దిగదు. శని, ఆదివారాలు పరీక్షలు చెయ్యరు, సోమవారం చేస్తే ఫలితం మంగళవారం సాయంత్రం వస్తుంది. అప్పటిదాకా ఆమె ఇల్లు కదలకూడదు, ఆమె ఇంట్లోవాళ్లు కూడా కదలకూడదు. రెండింటికి పెళ్లయినప్పటి నుంచీ ఆస్గర్ ఆమె ఇంట్లోవాడే.

డాక్టరు ఏదో చెప్పబోయాడు. ఒక్క ఫోనుతో ఆ పేరు కొట్టేయించవచ్చని ఆయనకి తెలుసు. ప్రేబెన్ ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, పంపిన ఫారం వెనక్కి తీసుకోవడం తన ఉద్యోగంలో ఎన్నడూ జరగలేదని చెప్పాడు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మీసాల కింద ఏదో కదిలింది. అది నవ్వేనని మెరేతె ఈనాటికీ వాదిస్తుంది.

జోడీ ఇంట్లో ఉంటే మిగిలిన ఒక్కరూ గస్తీ తిరగకూడదు, మరొకరితో కలవనూ కూడదు. అందుకని బొదిల్‌కి మంగళవారం దాకా ఒకటే డ్యూటీ పడింది, పళ్లు తోముకునే బ్రష్షుతో ఏడో నంబరు కారు గాలి గొట్టాలు శుభ్రం చెయ్యడం. ఆ నాలుగు రోజులూ ఆమె తుమ్ముతూనే ఉంది, ఒంట్లో ఎలా ఉందని ఎవరూ అడగలేదు.